మా కాల్‌లో హేమేష్ అనేవాడు లేడు, మరి రోజూ ఎవర్ని పిలుస్తున్నారు?

సునీత, షోలింగనల్లూరు

అందరికీ నమస్కారం. నవ్వకుండా చదవండి. నవ్వినా ఫర్వాలేదు లెండి, ఆఫీసులో ఇప్పటికే నవ్వేశారు.

నాది నెల్లూరు. ఎనిమిదేళ్ళుగా చెన్నైలో ఉంటున్నాను, ఓఎంఆర్ మీద ఒక కంపెనీలో టెస్టింగ్ టీం చూస్తాను. జూన్ నుంచి మా ప్రాజెక్టు ఐర్లండ్‌లోని డబ్లిన్ వాళ్ళతో కలిసి నడుస్తోంది. మాకు మధ్యాహ్నం రెండున్నర, వాళ్ళకి పొద్దున్న పది. అటువైపు నలుగురు. ఇద్దరు ఆడవాళ్ళు, ఒక లియామ్, ఒక షేమస్. ఈ షేమస్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్, ఈ, ఏ, ఎం, యూ, ఎస్. అందులో ‘ఈ’ అక్షరం నెత్తిన వాలుగా ఒక చిన్న గీత. మొదటి రోజు నేను ‘సీమస్’ అన్నాను, మా మేనేజర్ ‘సియామస్’ అన్నాడు. ఆయన ఏమీ అనుకోలేదు, ‘షేమస్’ అని ఒకసారి పలికి చూపించి పనిలో పడ్డాడు. అక్కడిదాకా బాగానే ఉంది.

రెండో వారం నుంచి కాల్‌లో కొత్త పేరు వినపడ్డం మొదలైంది. లియామ్ మాట్లాడుతూ మాట్లాడుతూ ‘హేమేష్, ఆ ఫైల్ ఒకసారి తెరుస్తావా’ అంటాడు. మా పిన్ని కొడుకు పేరు హేమేష్. అందుకని నా చెవికి అదేమీ వింతగా లేదు. మనవాడెవడో డబ్లిన్‌లో కొత్తగా చేరాడు, కెమెరా పెట్టుకోడు, మొహమాటస్తుడు అనుకున్నాను. మీటింగ్ నోట్స్ రాసేది నేనే. శుభ్రంగా రాసేశాను: లాగిన్ పేజీ సమస్య షేమస్ చూడాలి, రిపోర్టులో తేదీలు తిరగబడి వస్తున్న సమస్య హేమేష్ చూడాలి. ఇలా మూడు వారాలు. హేమేష్ పేరు మీద ఐదు పనులు పేరుకున్నాయి, ఒక్కటీ అంగుళం కదల్లేదు. స్టాఫ్ లిస్టులో వెతికితే మనిషి లేడు. కాంట్రాక్టు మీద వచ్చాడేమో, అందుకే పేరెక్కలేదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. రిలీజ్ దగ్గరికొస్తోంది, టెన్షన్. చివరికి పైవాళ్ళిద్దర్ని కాపీలో పెట్టి, ‘హేమేష్ నుంచి మాకు ఇంతవరకు స్పందన లేదు’ అని ఘాటుగా ఒక మెయిల్ కొట్టాను.

లియామ్ నుంచి ఒక్క లైను జవాబు వచ్చింది. హేమేష్ అంటే షేమస్సే, పిలిచేటప్పుడు అలా అవుతుంది, అని.

నా ప్రశ్న అదే. పిలిచేటప్పుడు అలా ఎందుకవుతుంది? ముద్దుపేరా? అయితే లియామ్‌ని మాత్రం అందరూ ఎప్పుడూ లియామ్ అనే పిలుస్తున్నారు. పైగా షేమస్ కాల్‌లో లేనప్పుడు అతని గురించి చెప్పాల్సొస్తే షేమస్ అనే అంటారు, ఎదురుగా ఉంటేనే హేమేష్. ఇంకా ఉంది. ఓసారి మైకు ఆపడం మరిచిపోయి వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకుంటుంటే ‘హేమస్’ అని కూడా విన్నాను. చివర ష కాదు, స. ఒక మనిషికి ఈ మూడు పేర్లేమిటి? ఆయన్నే అడుగుదామంటే ఆ మెయిల్ తర్వాత మొహం చెల్లడం లేదు.

ఉలవచారు

మా బామ్మగారింట్లో ఒకే మేనమామకి ఐదు పేర్లు. రేషన్ కార్డులో ఒకటి, బ్యాంకులో ఒకటి, పెళ్ళి శుభలేఖలో ఇంకోటి. మిగతా రెండూ ఇక్కడ రాయకూడదు. కాబట్టి మూడు పేర్లు పెద్ద విశేషం కాదు. హేమేష్‌కి అప్రైజల్‌లో ఎంత రేటింగ్ వేశారో అది చెప్పండి ముందు.

టీనగర్ టీకొట్టు

అది హేమేష్ కాదండీ, హేమిష్. అది వేరే పేరు, స్కాట్లాండ్ వాళ్ళు పెట్టుకుంటారు. నాకు ఎడిన్‌బరోలో ఒక క్లయింట్ ఉన్నాడు, పాస్‌పోర్టులోనే హేమిష్ అని ఉంటుంది. షేమస్‌కీ దీనికీ సంబంధం లేదు. మీ లియామ్ మిమ్మల్ని ఆట పట్టిస్తున్నాడు.

అడయారు మర్రిచెట్టు

ఆట పట్టించడం లేదు. లియామ్ చెప్పింది అక్షరాలా నిజం. టీకొట్టుగారి క్లయింటు కూడా నిజమే, ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ఐర్లండ్‌లోనే, గాల్వే ఊళ్ళో రెండేళ్ళు చదువుకున్నాను. అద్దె తక్కువని ఊరి చివర ఒక పెద్దావిడ ఇంట్లో మేడ మీద గదిలో ఉండేవాణ్ణి. ఆవిడ కనెమారా ప్రాంతం మనిషి. అక్కడ ఇప్పటికీ ఇళ్ళలో ఐరిష్ మాట్లాడతారు. ఆవిడ కొడుకు పేరు తొమాస్, మన థామస్ అన్నమాట. నా పక్క గదే. ఎనిమిదైనా లేచేవాడు కాదు. కింద వంటింట్లోంచి ఆవిడ ‘అ హొమాష్!’ అని కేకేసేది. ఆ కేకలో మొదటి ‘అ’ సగం మింగేసినట్టు, చివరి ‘ష్’ మాత్రం కుక్కర్ ఆవిరిలాగా పైదాకా వచ్చేది. మొదటి నెలంతా ఈ ఇంట్లో హొమాష్ అనే ఇంకో కొడుకున్నాడు, రాత్రి డ్యూటీ కాబోలు, నాకు కనపడ్డం లేదు అనుకున్నాను. సునీతగారూ, మీ బాధ నాకు తెలుసు.

తర్వాత అక్కడే సాయంత్రం క్లాసులో ఐరిష్ మొదటి మెట్టు నేర్చుకున్నాను. అక్కడ తెలిసిందేమిటంటే, ఆ భాషలో పేర్లకి విభక్తులున్నాయి. మనలాగా చివర కి, తో, లో తగిలించడం కాదు. పేరు మొదటి అక్షరమే మారిపోతుంది, ఒక్కోసారి చివరి అక్షరమూ మారుతుంది. మా టీచరమ్మ బోర్డు మీద ఒక్క షేమస్‌నే పెట్టి మొత్తం చూపించింది. నాకు ఇప్పటికీ గుర్తు.

షేమస్ దగ్గర పుస్తకం ఉంది అనాలంటే ‘తా ల్యౌర్ ఎగ్ షేమస్’. ఉంది, పుస్తకం, దగ్గర, షేమస్. గమనించారా, వాళ్ళకీ మనలాగే ‘కలిగి ఉండు’ అనే ఇంగ్లీషు వాళ్ళ క్రియ లేదు, పుస్తకం మనిషి దగ్గర ఉంటుందంతే. క్లాసులో జర్మన్ కుర్రాడు దీనికి తల పట్టుకుంటే నేను హాయిగా కూర్చున్నాను. ఇక్కడ పేరు మారలేదు.

షేమస్‌కి ఆకలిగా ఉంది అనాలంటే ‘తా ఒక్రస్ ఎర్ హేమస్’. ఆకలి షేమస్ మీద ఉంది అంటారు వాళ్ళు. ‘ఎర్’ అంటే మీద. ఆ మాట తగలగానే షేమస్ మొదటి ష కాస్తా హ అయింది. చివర మాత్రం స అలాగే ఉంది. మీరు మైకులో విన్న హేమస్ ఇదే. ‘షేమస్‌కి’ అన్నా అంతే, ‘దొ హేమస్’. ఆ రోజు వాళ్ళు మీ మెయిల్ గురించే మాట్లాడుకుంటున్నారేమో, షేమస్‌కి చెప్పావా అని.

షేమస్ పుస్తకం అనాలంటే ‘ల్యౌర్ హేమిష్’. షష్ఠీ విభక్తిలో మొదలూ చివరా రెండూ మారతాయి. పిలవాలంటే ‘అ హేమిష్’. ఆ ‘అ’ మన ‘ఓ’, ‘ఓయి’ లాంటిది, పిలుపు కోసమే ఉన్న మాట. వేగంగా పలికితే వినపడదు. అందుకే మీ చెవికి ఉత్త హేమిష్ మిగిలింది, అది హేమేష్ అయింది.

అంటే మూడు పేర్లు కావు, ఒకే పేరు మూడు వేషాలు. ముద్దుపేరు అసలే కాదు. ముద్దున్నా కోపమున్నా, ఐరిష్‌లో పిలుపు పిలుపే, వ్యాకరణం తప్పదు. మా ఇంటావిడ తొమాస్ మీద అరిచేటప్పుడు కూడా సంబోధన తప్పలేదు ఎప్పుడూ.

మరి లియామ్ ఎందుకు మారలేదంటారా. ల, న, ర లతో మొదలయ్యే పేర్లకి రాతలో ఈ మార్పు లేదు. అచ్చులకీ లేదు. క, గ, త, ద, ప, బ, మ, ఫ, స లకే. పాద్రిగ్‌ని పిలిస్తే ‘అ ఫాద్రిగ్’. షాన్‌ని పిలిస్తే ‘అ హ్యాన్’. మారె అనే అమ్మాయిని పిలిస్తే ‘అ వారె’, మ పోయి వ. అన్నిటికన్నా పాపం ఫ. దాన్ని మెత్తబరిస్తే ఏమీ మిగలదు. రాతలో ఉంటుంది, నోట్లో ఉండదు. ఫిన్ అనేవాణ్ణి పిలిస్తే ‘అ ఇన్’.

రాతలో ఎలా చూపిస్తారంటే, మారిన అక్షరం పక్కన ఒక హెచ్ పెడతారు. షేమస్ మొదటి ఎస్ పక్కన హెచ్ చేరుతుంది, చివరి ఎస్ ముందుకి ఒక ఐ వచ్చి కూర్చుంటుంది. పాత ఐరిష్ లిపిలో అయితే హెచ్ కూడా లేదు, అక్షరం నెత్తిన ఒక చుక్క పెట్టేవాళ్ళు, అంతే. ఈ మార్పుని ‘షేవూ’ అంటారు, మెత్తన చెయ్యడం అని అర్థం.

ఇప్పుడు టీకొట్టుగారి ఎడిన్‌బరో క్లయింటు. స్కాట్లాండ్ గేలిక్ ఐరిష్‌కి చెల్లెలు లాంటి భాష. అక్కడా ఇదే పేరు, ఇదే పిలుపు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఆ పిలుపు విని, అదే పేరనుకుని, హేమిష్ అని రాసుకున్నారు. తర్వాత పిల్లలకి అదే పెట్టుకున్నారు. అంటే ఇప్పుడు హేమిష్ సొంతంగా ఒక పేరే, కానీ పుట్టింది షేమస్‌ని పిలిచిన కేకలోంచి. స్కాట్లాండ్‌లో ‘వారి’ అనే అమ్మాయిలు కూడా ఉన్నారు, వాళ్ళూ అంతే, మారి అన్న పేరు పిలుపులో అలా మారి అక్కడే ఆగిపోయింది. సునీతగారూ, మీరు నోట్స్‌లో చేసింది ఒక జాతి మొత్తం చేసిన పనే. సిగ్గుపడక్కర్లేదు.

ఒక్క మాట. ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు ఐర్లండ్‌లో చాలామంది షేమస్‌ని షేమస్ అనే పిలిచేస్తారు. బళ్ళలో ఐరిష్ తప్పనిసరి సబ్జెక్టే, అయినా రోజూ మాట్లాడేవాళ్ళు తక్కువ. మీ లియామ్ ఇంగ్లీషు వాక్యం మధ్యలో కూడా సంబోధన వదల్లేదంటే, ఐరిష్ మాట్లాడే ఇంట్లోనో, ఐరిష్ మీడియం బళ్ళోనో పెరిగుంటాడు.

సునీత, షోలింగనల్లూరు

మర్రిచెట్టుగారూ, మీకు దణ్ణం. ‘అ ఇన్’ చదివి క్యాబ్‌లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను, డ్రైవరు అద్దంలోంచి చూశాడు. కానీ మొదటి అక్షరం మార్చుకోవడం మాత్రం నాకు మింగుడు పడటం లేదు. మన భాషలో చివర ఎన్నయినా తగిలిస్తాం, మొదలు జోలికి పోం కదా? మొదలే మారిపోతే డిక్షనరీలో ఎలా వెతుక్కుంటారు? నేను హేమేష్‌ని వెతికినట్టేనా?

పెరంబూరు మాస్టారు

అమ్మా సునీతా, మొదలు జోలికి పోమా? నువ్వు పొద్దున్న ఏం తిన్నావో నాకు తెలియదు గానీ, నెల్లూరు పిల్లవి కాబట్టి ఊరగాయ లేకుండా తినుండవు. ఊరగాయలో కాయ ఏమైంది? గాయ అయింది. కూరగాయలో కాయా అంతే. అన్నదమ్ములు అంటాం, అన్నతమ్ములు అనం. తల్లిదండ్రులు అంటాం. ఆ దండ్రులని విడిగా నిఘంటువులో వెతుకు చూద్దాం. నీ హేమేష్ దొరికినట్టే దొరుకుతారు.

ముప్పై నాలుగేళ్ళు బళ్ళో ఇదే చెప్పాను. పిల్లలు గసడదవాదేశం అనగానే కిటికీలోంచి బయటికి చూసేవాళ్ళు. ఈ రోజు ఐర్లండ్ కుర్రాడి పుణ్యమా అని ఒకరు అడిగారు, కాబట్టి పూర్తిగా చెప్పకుండా వదలను.

మన పరుషాలు ఐదు: క చ ట త ప. ప్రథమా విభక్తి మీద ఇవి వస్తే గ స డ ద వ లు అవుతాయి. వాడు కొట్టె అన్నది వాడుగొట్టె. అపుడు చనియె అన్నది అపుడుసనియె. వారు పోరు అన్నది వారువోరు. చివరిది చూడు, ప పోయి వ వచ్చింది. రెండు అచ్చుల మధ్య ఇరుక్కున్న గట్టి హల్లు మెత్తబడింది. మర్రిచెట్టుగారు చెప్పిన ఆ ‘షేవూ’ పుట్టుక కూడా ఇదే. పిలుపు మాట ‘అ’ ఒక అచ్చు, పేరులో రెండో అక్షరం ఇంకో అచ్చు, మధ్యలో హల్లు నలిగి మెత్తబడింది. తేడా ఏమిటంటే మన దగ్గర ఇది కావ్యాల్లోనూ సమాసాల్లోనూ మిగిలింది, వాళ్ళ దగ్గర రోజువారీ మాటలో నిలబడింది.

ఇంకొకటుంది. ఐరిష్‌లో రెండో రకం మార్పు ఒకటుంది, దాన్ని ‘ఉరూ’ అంటారు, అంటే గ్రహణం. అందులో క కాస్తా గ, త కాస్తా ద, ప కాస్తా బ అవుతాయి. అక్కడి కార్క్ నగరాన్ని వాళ్ళు కొర్కిగ్ అంటారు, ‘ఆ ఊళ్ళో’ అనాలంటే ఇ గొర్కిగ్. ఎందుకలా? ఆ ‘ఇ’ చివర ఒకప్పుడు నకారం ఉండేది. ఆ నకారం పోతూ పోతూ పక్కవాణ్ణి మెత్తబరిచి పోయింది. ఇది వినగానే నేను కుర్చీలోంచి లేచాను. ఇది మన ద్రుతం కాదూ? పూచెను, కలువలు కలిస్తే పూచెను గలువలు. ద్రుతం అంటే నకారమే. ద్రుతప్రకృతికం, అంటే చివర ద్రుతం ఉన్న మాట, దాని మీద పరుషాలకి సరళాలు, అంటే గ జ డ ద బ లు వస్తాయని చిన్నయసూరి సూత్రం. ఆ సూరిగారు పాఠం చెప్పింది ఎక్కడో కాదు, ఇక్కడే, మన ప్రెసిడెన్సీ కాలేజీలో. బాలవ్యాకరణం వచ్చింది 1858లో. ఆయనకి ఐరిష్ అక్కర్లేదు, వాళ్ళకి ఆయన అక్కర్లేదు. అయినా న కారం పక్కన క ఎక్కడైనా గ వైపే జారుతుంది, నోరు ఒకటే కదా. నీ షేమస్‌కి మాత్రం గ్రహణం పట్టదు. స కి ఆ మార్పు లేదు.

స పోయి హ రావడం వింతగా ఉందేమో. సింధువుని హిందువు అన్నది ఎవరు? ఇరాన్ వాళ్ళు. మన సప్తని వాళ్ళు హఫ్త్ అంటారు, దాన్నే ఉత్తరాదివాళ్ళు వారానికి హఫ్తా అంటున్నారు. గ్రీకులోనూ సప్త హెప్త అయింది. బెంగళూరు వెళ్ళి పాలు అడిగితే హాలు అంటారు, అది ప హ కావడం. హ అన్నది అన్ని హల్లులూ అలిసిపోయి చేరే అరుగు లాంటిది.

ఇక చివర స ష ఎందుకైందో కూడా చెప్పి ముగిస్తాను. ఐరిష్‌లో ఇ, ఎ లు పక్కనుంటే ఎస్‌ని ష అంటారు. అ, ఒ, ఉ లు పక్కనుంటే స. షేమస్‌లో మొదటి ఎస్ పక్కన ఏకారం పలుకుతుంది, అందుకు ష. చివరి ఎస్ పక్కన ఉ ఉంది, అందుకు స. పిలుపులో చివర ఇ చేరింది, అందుకు మళ్ళీ ష. మనకీ ఇదే ఉంది. చిలుకలో చ వేరు, చలిలో చ వేరు. ఇ, ఎ లు కూడితే తాలవ్యం, అంటే అంగిట్లో పలికేది; అ, ఉ, ఒ లు కూడితే దంత్యం, అంటే పళ్ళ దగ్గర పలికేది. పాతకాలం పుస్తకాల్లో రెండోదానికి చ మీద రెండు అంకె వేసేవాళ్ళు. ఇప్పుడు అచ్చులో పోయింది, నోట్లో ఉంది. మీ తరంలో కొందరికి నోట్లోనూ పోయింది, అది వేరే ఏడుపు.

ఆ ఇ ఎక్కడిదంటే, పాత ఐరిష్‌కి ముందు కాలంలో పేరు చివర నిజంగానే ఒక ఇకారమో ఎకారమో ఉండేది. కొడుకుని వాళ్ళు మాక్ అంటారు, మెక్‌డొనాల్డ్ లాంటి ఇంటిపేర్లలో ఉన్నది అదే. కొడుకు యొక్క అనడానికి ఇప్పుడు ‘మిక్’. ఓగమ్ అనే గీతల లిపిలో చెక్కిన పాత రాళ్ళ మీద అదే మాట ‘మక్వి’ అని ఉంటుంది. చివరి ఇ అరిగిపోయింది, అరుగుతూ ముందున్న హల్లుకి తన రంగు పూసి పోయింది. కొడుకుని పిలవాలంటే ‘అ విక్’. మనం మాత్రం? కొడుకు అన్నవాణ్ణి పిలవాలంటే కొడకా అంటాం, డు కాస్తా డ అయింది. పెరంబూరు మార్కెట్లో రోజుకి యాభై సార్లు వింటాను, ప్రేమగా రెండు సార్లు.

సాయంత్రం మెరీనా నడకకి వెళ్తే కాల్డ్వెల్ విగ్రహం దాటుకునే వెళ్తాను. ద్రావిడ భాషల వ్యాకరణాలన్నీ పక్కపక్కన పెట్టి 1856లో పుస్తకం వేసిన పెద్దమనిషి, పుట్టింది ఐర్లండ్‌లో ఆంట్రిమ్ ప్రాంతంలో. ఇవాళ ఆయన ముందు ఒక నిమిషం ఎక్కువ నిలబడతాను.

ఉలవచారు

మాస్టారూ, మీరు మా బళ్ళో చెప్పుంటే నేను కిటికీలోంచి చూసేవాణ్ణి కాదు. ‘ప్రేమగా రెండు సార్లు’ కి ఈ టేబుల్ నుంచి ఒక టీ.

యాకోబు మనవడు

వ్యాకరణం అంతా అయింది, అసలు షేమస్ అంటే ఏమిటో ఎవరూ చెప్పలేదు. నేను చెప్తాను, ఎందుకంటే అది మా తాత పేరే.

మాది బాపట్ల పక్క పల్లె, ఇప్పుడు కొరుక్కుపేట. మా తాత యాకోబు. చిన్నప్పుడు నాకొక తికమక ఉండేది. తెలుగు బైబిల్లో ‘యాకోబు వ్రాసిన పత్రిక’ అని ఉంటే, స్కూల్లో సిస్టర్ ఇచ్చిన ఇంగ్లీషు బైబిల్లో అదే చోట జేమ్స్ అని ఉండేది. ఎవడో పేరు మార్చేశాడని ఇంటికొచ్చి తాతకి ఫిర్యాదు చేశాను. రెండూ ఒకటేరా అని ఆయన చుట్ట కాల్చుకున్నాడు. తర్వాతెప్పుడో తెలిసింది, ఆయన చెప్పిందే కరెక్టు.

హీబ్రూలో యాకోబ్. కవలల్లో రెండోవాడు అన్న మడమ పట్టుకుని పుట్టాడు, హీబ్రూలో మడమని అకేబ్ అంటారు, అదీ పేరు. గ్రీకులో ఇయాకోబోస్, లాటిన్‌లో ఇయాకోబుస్. లాటిన్ జనం నోట్లో ఆ బ జారి మ అయి ఇయాకోముస్ అయింది. అది ఫ్రాన్స్‌లో అరిగి జేమ్స్ అయింది. ఫ్రెంచి మాట్లాడే నార్మన్లు 1169లో ఐర్లండ్‌లో దిగినప్పుడు ఇలాంటి పేర్లన్నీ మూట కట్టుకుని వచ్చారు. ఐరిష్ వాళ్ళకి జ పలకదు, పాత అక్షరమాలలో జె అక్షరమే లేదు, ఉన్నవి పద్దెనిమిదే. దగ్గరగా ఉన్న ష పెట్టుకున్నారు, షేమస్ తయారయ్యాడు. ఫ్రెంచి వాళ్ళ జాన్ వచ్చి షాన్ అయింది కూడా అలాగే. మీ లియామ్ కూడా ఆ మూటలోవాడే, విలియంకి ఐరిష్ రూపం ఉయిలియామ్, దాని తోక లియామ్. ఇటలీలో మా తాత పేరు జాకొమో, ఫ్రాన్స్‌లో జాక్, చిలీ రాజధాని శాంటియాగోలో చివరి ముక్క ఇయాగో కూడా ఆయనే. అరబ్బులో యాకూబ్. మా వీధి చివర బిర్యానీ కొట్టాయన యాకూబ్ భాయ్, మా తాత, సునీతగారి షేమస్, ముగ్గురూ ఒకే పేరు.

ఈ పేరున్న రాజొకడు ఐరిష్ వాళ్ళ నోళ్ళలో గట్టిగానే నానాడు. ఇంగ్లండ్ రాజు రెండో జేమ్స్ సింహాసనం పోయాక 1689లో ఐర్లండ్‌లో దిగి, వాళ్ళని నమ్ముకుని యుద్ధం చేశాడు. 1690లో బాయిన్ నది దగ్గర ఓడిపోగానే వాళ్ళని అక్కడే వదిలేసి ఫ్రాన్స్‌కి పారిపోయాడు. అప్పట్నుంచీ అతనికి ఐరిష్‌లో ‘షేమస్ అన్ ఖాకా’ అని పేరు. ఖాకా అంటే ఏమిటో మాస్టారు ఉన్నచోట రాయలేను, మన చిన్నపిల్లల భాషకి చాలా దగ్గర్లోనే ఉంది. ఎదురుగా పిలిస్తే అప్పుడూ ‘అ హేమిష్’ అనే అనుంటారు.

మంచి షేమసులూ ఉన్నారు లెండి. 1995లో సాహిత్యానికి నోబెల్ తీసుకున్న కవి హీనీ పేరు షేమస్సే, ఆయన మాత్రం ఆ గీత లేకుండా రాసుకునేవాడు.

పెరంబూరు మాస్టారు

మనవడా, రాయకుండానే రాశావు. మా మదనపల్లె కాలేజీలో ప్రిన్సిపాల్‌గా ఉన్న బెల్ఫాస్ట్ కవి కజిన్స్ గారూ జేమ్సే. 1919లో రవీంద్రుడు వచ్చి ఉన్నప్పుడు జనగణమన స్వరాలు రాసిపెట్టింది ఆయన భార్య మార్గరెట్. తర్వాత ఆయన జయరామ్ అని పేరు పెట్టుకున్నాడు. జేమ్స్ నుంచి జయరామ్‌కి పెద్ద దూరం లేదు, షేమస్ నుంచి హేమేష్‌కి ఉన్నంత కూడా లేదు.

సునీత, షోలింగనల్లూరు

అందరికీ ఒకేసారి జవాబు. నిన్న కాల్‌లో ధైర్యం చేశాను. అందరూ ఉండగా, ‘అ హేమిష్, తేదీల సమస్య ఎప్పటికవుతుంది’ అన్నాను. ‘అ’ కూడా వదల్లేదు, మర్రిచెట్టుగారు చెప్పినట్టు సగం మింగాను. అటువైపు రెండు సెకన్లు చప్పుడు లేదు. నెట్ పోయిందనుకున్నాను. తర్వాత లియామ్ చప్పట్లు కొట్టాడు. షేమస్ ఐదు పనులూ సోమవారానికి ముగిస్తానని మాటిచ్చాడు, మూడు వారాలుగా కదలనివి.

నేను ఊరగాయ గురించి చెప్పాను. అంటే గసడదవాదేశం మొత్తం కాదు, కాయ గాయ అవుతుందని మాత్రం. షేమస్ అది కాగితం మీద రాసుకున్నాడు. మాస్టారూ, మీ అ విక్, కొడకా కూడా చెప్దామనుకున్నాను, మేనేజర్ ఉన్నాడని ఆగిపోయాను.

అప్పుడు షేమస్ అడిగాడు, మరి నిన్ను మేము వ్యాకరణం లేకుండా పిలుస్తున్నాం కదా, నీ పేరు కూడా ఎస్‌తోనే మొదలవుతుంది, మార్చమంటావా అని. సరే అన్నాను, సరదాకి. ‘అ హునీత’ అన్నాడు. అంతే, నలుగురూ పట్టుకున్నారు.

ఇవాళ పొద్దున్న మా టీంలో కొత్తగా చేరిన తిరుపతి కుర్రాడు నా సీటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ‘అక్కా, డబ్లిన్ వాళ్ళ నోట్స్‌లో సగం పనులు హునీత అనే ఆవిడ పేరు మీద ఉన్నాయి. స్టాఫ్ లిస్టులో కనపడటం లేదు. మెయిల్ పెట్టమంటారా?’